ఆయన పన్నెండు, నా పదహారు

మా ఇంట్లో ముందు అర్ర, అంటే ముందు గది, పన్నెండు అడుగుల అర్ర. ఎవరు అడిగినా మా ఆయన అలాగే చెప్పేవాడు. ఆయన పోయాక నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. మేస్త్రి టేపు తెచ్చి గోడకు ఆనించిన రోజు దాకా ఆ మాటను అనుమానించిన వాళ్ళు లేరు.

నేను చెబుతున్నాను, నా బిడ్డ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు, అంకెలు వచ్చు. అక్కడితో నా చదువు సరి. నా మాట ఉన్నదున్నట్టు రాస్తే దూరపు వాళ్ళకు సగం అర్థం కాదని, పుస్తకాల్లో ఉండే మాటలో రాస్తోంది. సరే అన్నాను. కోపాలు మాత్రం తగ్గించొద్దని ముందే చెప్పాను. దాన్ని పొగిడినప్పుడల్లా కలం ఆపి నా వైపు చూస్తోంది. "రాయి, లేకుంటే నేను చెప్ప" అని బెదిరిస్తున్నాను.

మాది నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్క ఊరు. నేను కాపురానికి వచ్చినప్పుడు రోడ్డుకు రెండు వైపులా చెరుకే. మా ఆయన చెరుకు బండి తోలేవాడు, తర్వాత ట్రాక్టరు తోలాడు. మనిషి పొడుగు, కాళ్ళు అంతకంటే పొడుగు. ఆయన కాలికి చెప్పులు దొరికేవి కావు. నిజామాబాద్ బజారులో ఒక దుకాణం వాడు ఆయన పాదం చూసి, "అన్నా, నీకు చెప్పులు గాదు, పడవలు గావాలె" అన్నాడు. ఆ మాట మా ఊరిదాకా వచ్చింది. కొన్నాళ్ళు ఆయనను అందరూ పడవలాయన అన్నారు. ఆయన నవ్వేవాడు. చెరుకు తోటలో కోసిన మొదళ్ళ మీద కూడా ఒట్టి కాళ్ళతోనే నడిచేవాడు.

మా వైపు పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. ఇల్లు కట్టే ముందు పునాది ఎక్కడ తవ్వాలో తెలియడానికి నేల మీద సున్నంతో గీతలు పోస్తారు. దాన్ని ముగ్గు పోయడం అంటాం. ఆ ముగ్గు కొలత ఇంటి యజమాని అడుగుతో వెయ్యాలి. అంటే నడక అడుగు కాదు, పాదం అడుగు. ఒక కాలి వేళ్ళకు ఇంకో కాలి మడమ ఆనించి, మళ్ళీ దాని వేళ్ళకు ఇది ఆనించి, అలా పోవాలి. ఇప్పుడు చాలామంది టేపుతో కానిచ్చేస్తున్నారు. కొందరు మొదటి గీత వరకైనా యజమాని కాలితో వేయించి, మిగతాది టేపుకు వదిలేస్తారు.

మా ముందు అర్రకు మా ఆయన మొత్తం కాలితోనే కొలిచాడు. బిడ్డ అప్పుడు నా చంకలో ఉంది. ఇంకో చేతిలో సున్నం డబ్బా. అంత పొడుగు మనిషి మడమకు వేలు ఆనించుకుంటూ పోతుంటే అటూ ఇటూ ఊగాడు. గోడ అవతల నుంచి ఎవరో, "పొద్దుగాల్నే తాగిండా ఏంది?" అన్నారు. ఆయన పట్టించుకోలేదు. నోరు తెరిచి లెక్కపెట్టుకుంటూ పోయి, చివర గట్టిగా "పన్నెండు!" అని అరిచాడు. చంకలో పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

"గిది మన అర్ర. ఎనుక గూడ గింతే ఏద్దాం, మల్లెప్పుడన్న" అన్నాడు.

ఆ మళ్ళెప్పుడో ఆయనకు రాలేదు. గుండెలో నొప్పి అని ట్రాక్టరు దిగి, గట్టు మీద కూర్చున్నాడు, అంతే. దాని గురించి ఇంతకంటే చెప్పను.

బీడీలు చుట్టి బిడ్డను చదివించాను. బీడీ ఆకు కత్తిరించడానికి మాకు ఒక రేకు ముక్క ఉంటుంది. ఆకు మీద ఆ రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పాలి. మా అత్త చేతులు లావు, నా చేతులు సన్నం, పక్కింటి పిల్లవి ఇంకా చిన్నవి. ఎవరు కోసినా ఆకు మాత్రం ఒకటే కొలత, ఎందుకంటే రేకు ఒకటే. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

బిడ్డ ఇప్పుడు డిచ్‌పల్లిలో చరిత్ర చదువుతోంది. పీజీ. మా రెండిళ్ళ వైపు ఆడపిల్లల్లో అంత దూరం చదివింది ఇదొక్కటే. (ఇక్కడ ఆగింది. రాయించాను.) అప్పుడు మాకు ఉన్నది ఒకటే అర్ర. ఒక మూల నేను తంబాకు గంప పెట్టుకుని కూర్చుంటే, ఇంకో మూల అది పుస్తకం పెట్టుకునేది. దాని పుస్తకాలు తెరిస్తే తంబాకు వాసన. బస్సులో పక్క సీటు వాళ్ళు ముక్కు మూసుకున్నారని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఏడే అనుకున్నాను, వెనక అర్ర వెయ్యాలని. అందులో తంబాకు గంప పెట్టనివ్వను. అది బిడ్డ అర్ర.

ఇటుక వచ్చింది, ఇసుక వచ్చింది. మేస్త్రి వచ్చాడు. మంచివాడే, నోరు మాత్రం ఆగదు. మా మరిది కూడా వచ్చాడు, మా ఆయనకు తమ్ముడు, రెండు సందుల అవతల ఉంటాడు. నేను మేస్త్రితో, "ముందు అర్ర పన్నెండు, ఎనుక గూడ పన్నెండే" అన్నాను. వాడు పాత గోడకు సరిపోవాలి కదా అని లోపలికి పోయి టేపు పట్టాడు. బయటికి వచ్చేసరికి మొహంలో ఒక వంకర నవ్వు.

"అక్కా, గిది పన్నెండు గాదు."

"గాకపోతే పదమూడా?"

"పదకొండడుగుల ఎనిమిదించులు. నాలుగించులు కమ్మి ఉన్నది."

"నీ టేపు సాగిపోయింది."

"టేపు సాగితే ఎక్కువ జాగను తక్కువ జూపుతది, నిజమే" అని వాడు ఒప్పుకుని, ఇంకో కొత్త టేపు తెప్పించి మళ్ళీ పట్టాడు. అదే. పదకొండు ఎనిమిది.

మా మరిది గడప మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. "అన్నకు లెక్కలెక్కడియి వదినె? ఏదో ఊగుకుంట నడిచిండు, పన్నెండన్నడు. ముగ్గు లెక్క తప్పిన అర్రల ఇన్నొద్దులు ఉన్నరు, అందుకనే..." అని ఆపాడు.

అందుకనే ఏమిటో వాడు అనలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు. అర్ర లెక్క తప్పింది కనుకనే మనిషి పోయాడని. ఆ మాట నోటి నుంచి బయటికి రాకముందే నా చెవిలో పడింది.

వాడే మళ్ళీ సర్దుకుని, "అయ్యిందేదో అయ్యింది. ఈ సోమారం మంచిది. ఎనుక అర్రకు నా అడుగుతోని ఏద్దాం. అన్న లేకపాయె, ఇంటికి మొగోన్ని నేనే గద" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. మా ఆయన పోయిన ఏడు మా ఇంటి ముందు కట్టెలు కొట్టి పెట్టింది వాడే. కాని ఎవరి అడుగుతో ముగ్గు పడితే ఇల్లు వాళ్ళదని మా దగ్గర అనుకుంటారు. కాగితం మీద నా పేరే ఉంది. ఊరి వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు కాగితం తీసి చూడరు. వాడి అడుగు పడితే అది వాడు వేసిన అర్ర అవుతుంది. ముందుది లెక్క తప్పిన అర్ర, వెనకది మరిది అర్ర. మధ్యలో నేను, నా బిడ్డ ఎవరి ఇంట్లో ఉన్నట్టు?

"సోమారం సూద్దాం" అన్నాను.

సాయంత్రం బిడ్డ బస్సు దిగి వచ్చింది. అప్పటికి వారం రోజులుగా మా ఇంట్లో రోము వాళ్ళే. రోము అంటే సముద్రాల అవతల, ఎప్పటిదో పాత రాజ్యం అట. ఆ రాజ్యంలో కొలతలు ఎలా ఉండేవో, వాటిని మన కొలతల్లోకి ఎలా మార్చాలో బిడ్డ క్లాసులో అందరి ముందూ నిలబడి చెప్పాలి. ఇంట్లో నా ముందు నిలబడి చెప్పి చూసుకునేది. బీడీలు చుడుతూ నేను వినేదాన్ని. నాకు అర్థమయితే అందరికీ అర్థమయినట్టే అని దాని నమ్మకం.

వాళ్ళకు అన్నిటికంటే చిన్న కొలత వేలు. వేలు వెడల్పు. నాలుగు వేళ్ళు ఒక అరచేయి. పదహారు వేళ్ళు ఒక అడుగు. అడుగున్నర ఒక మూర. ఇక్కడిదాకా నాకు అంతా మన ఇంటి మాటలాగే అనిపించింది, పూలు కొన్నట్టు, గుడ్డ కొన్నట్టు. తర్వాత అయిదడుగులు ఒక అంగ అన్నది. అక్కడ నాకూ దానికీ తగాదా వచ్చింది. మా వైపు అమ్మను అవ్వ అంటారు, నాన్నను బాపు.

"గంత పెద్ద అంగ ఎవరేస్తరే? మీ బాపు గూడ ఎయ్యడు."

"ఒక్క అంగ గాదవ్వా. కుడికాలు లేసిన కాడి నుంచి మల్ల కుడికాలు పడ్డ కాడికి. రెండు కలిస్తే ఒకటి."

"రెండేస్తే ఒకటే లెక్కనా? నడిసేటోడు మునిగిపోతడు గద!"

"అసొంటియి వెయ్యి వేస్తే వాళ్ళ మైలు. మన కిలోమీటరున్నరకు జర తక్కువ."

అంతే, ఇక చూసిన దూరమల్లా దాని నోట రోము మైళ్ళయింది. నిజామాబాద్ నుంచి డిచ్‌పల్లి సుమారు పది రోము మైళ్ళు అట. "గట్లనే కండక్టర్‌ను టికెట్ అడుగు, దింపేస్తడు" అన్నాను.

ఆ సాయంత్రం మాత్రం నేను నవ్వే స్థితిలో లేను. టేపు సంగతి, మరిది మాట, ఆపేసిన మాట కూడా చెప్పాను. బిడ్డ మొహం ఎర్రబడింది. తండ్రి మాట వస్తే దానికి అలాగే అవుతుంది. తర్వాత లేచి, తన సంచిలో ఉన్న గుడ్డ టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చి గోడకు పట్టుకోమంది. ఇంచులు కాకుండా టేపు ఇంకో వైపు చూసింది.

"మూడు మీటర్ల యాభై అయిదు" అన్నది. ఫోనులో ఏదో నొక్కింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వచ్చి గోడ కొలిచింది.

"ఏందే?"

"అవ్వా, బాపు పన్నెండు అన్నడు గద. మూడు వందల యాభై అయిదును పన్నెండుతోని భాగిస్తే ఇరవై తొమ్మిదిన్నర జర పైన వస్తున్నది. ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు అనుకో."

"అయితే?"

"రోమోళ్ళ అడుగు గంతే అవ్వా! గిదే, వారం నుంచి నేను చదువుతున్నది గిదే!"

నాకు వెంటనే ఎక్కలేదు. అది నేల మీద కూర్చుని, నా రేకు ముక్క చేతిలోకి తీసుకుని చెప్పింది. మేస్త్రి టేపు మీద ఉండే అడుగు ముప్పై సెంటీమీటర్లు దాటుతుంది. రోము అడుగు దానికంటే గోరు వెడల్పంత తక్కువ. ఒక్క అడుగులో ఆ గోరంత తేడా ఎవరికీ కనబడదు. పన్నెండు అడుగులు వేస్తే పన్నెండు గోళ్ళు కలుస్తాయి. అవే మేస్త్రి వెతుకుతున్న నాలుగు ఇంచులు. రోము వాళ్ళ పన్నెండు అడుగులను మన అడుగుల్లోకి మార్చి చూపమని క్లాసులో ఎవరైనా అడిగితే, జవాబు పదకొండు అడుగుల ఎనిమిది ఇంచులే.

"బాపు లెక్క తప్పలే. బాపు రేకు వేరే, టేపు రేకు వేరే. గంతే."

అప్పుడు ఎక్కింది. గట్టిగా ఎక్కింది. ఎవరి ఆకు ఎవరి రేకుతో కోశారో చూడకుండా, ఆకు చిన్నదని తిట్టినట్టయింది ఇది. రోములో ఆ రేకును, అంటే అందరికీ సరి అయిన అడుగును, ఒక అమ్మవారి గుడిలో పెట్టి కాపాడేవాళ్ళట. మా ఆయన అడుగును ఎవరు దాచారు? చెప్పులు కూడా లేవు మనిషికి. ఆయన పాదం ఎంత పొడుగో ఈ గోడలను అడిగితేనే తెలిసింది. నేను లేచి ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. బిడ్డ ఇటు చూడనట్టు టేపు చుట్టుకుంటోంది.

"అంటే మీ బాపు రోమోడా?" అన్నాను, గోడ మీంచి చెయ్యి తీస్తూ.

"కాదు, కలిసొచ్చింది గంతే. గట్ల ఎవరితోనన్న అనకు, నన్ను నవ్వుతరు" అన్నది. చదువుకున్న పిల్ల, లేని చుట్టరికం కలపనివ్వదు.

తర్వాత నన్ను కాలు పెట్టమంది. ఎందుకే అంటే పెట్టు అన్నది. సుద్దముక్కతో నా పాదం చుట్టూ గీత గీసింది. చక్కిలిగిలి పుట్టి నేను కాలు లాగితే కసిరింది. కొలిచింది. ఇరవై రెండు చిల్లర. మళ్ళీ ఫోను నొక్కింది. ఈసారి అది నన్ను చూసిన చూపు చెప్పడం నాకు రాదు.

"నీది పన్నెండు వేళ్ళు అవ్వా. బాపుది పదహారు, నీది పన్నెండు. సరిగ్గ ముప్పావు. గా ముప్పావు అడుగుకు గూడ రోమోళ్ళు పేరు పెట్టిండ్రు. డోడ్రాన్స్."

"ఏం డ్రాన్సు?"

"డోడ్రాన్స్. నీ నాలుగు అడుగులు బాపువి మూడు."

ఇన్నేళ్ళూ ఈ కాళ్ళ మీద నిలబడి నాట్లు వేశాను, కలుపు తీశాను, బీడీల గంప మోశాను. వాటికి ఎక్కడో సముద్రాల అవతల ఒక పేరు ఉందని నాకేం తెలుసు? ఆ పేరు నోరు తిరిగేదాకా అనుకుంటూనే ఉన్నాను. అప్పుడే నాకు సోమవారం ఏం చెయ్యాలో కూడా తెలిసింది. బిడ్డకు చెప్పలేదు. అది మాత్రం కనిపెట్టింది. వెదురు బద్ద ఒకటి చెక్కి, రోము అడుగంత కోసి, పదహారు వేళ్ళకు పదహారు గాట్లు పెట్టి ఇచ్చింది.

సోమవారం పొద్దున మా మరిది కాళ్ళు కడుక్కుని వచ్చాడు. మేస్త్రి సుతిలి తాడు, మేకులు, సున్నం తెచ్చాడు. చుట్టుపక్కల వాళ్ళు నలుగురు చేరారు. వాడు నేల మీద కాలు పెట్టబోతుంటే నేను, "ఆగు తమ్మీ, ముందు లోపలికి రా" అన్నాను.

ముందు అర్రలోకి తీసుకుపోయాను. బిడ్డ బద్దను గోడకు ఆనించి ఒకటి పెట్టింది, గీత గీసి ఇంకొకటి పెట్టింది. మేస్త్రి పక్కన వంగి చూస్తున్నాడు. చివరిది ఎదురుగోడకు సరిగ్గా తగిలింది. పన్నెండు.

"గిదేం కొలత?" అన్నాడు మేస్త్రి.

"రోము అడుగు అన్నా" అన్నది బిడ్డ.

"రోమా? గదెక్కడ, మెండోర దిక్కా?"

మెండోర మా జిల్లాలో ఊరే. అందరూ నవ్వారు. బిడ్డ కూడా నవ్వింది. నాకు చెప్పినట్టే వాడికీ చెప్పింది, గోళ్ళ లెక్కతో సహా. మేస్త్రి టేపు తీసి బద్ద పొడుగు చూశాడు, వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, తల ఊపాడు. "టేపు గూడ నిజమే, ఆయన గూడ నిజమే. గా నాలుగించులు ఏడ వొయినయో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. వాడి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

మా మరిది మాత్రం ఆ బద్దనే చూస్తున్నాడు. చేతిలోకి తీసుకుని నేల మీద పెట్టి, దాని పక్కన తన పాదం పెట్టాడు. వేలున్నర తక్కువ వచ్చింది.

"చిన్నగున్నప్పుడు, ఇంక అన్న కాలికి చెప్పులు దొరుకుతున్న కాలంల, అయ్యి దొంగతనంగ ఏసుకుంటుంటి. నడిస్తె నేను ముందట, చెప్పులు ఎనుక" అన్నాడు. "అన్న లెక్క సరిగనే ఏసిండు వదినె. నేనే..."

"నువ్వేం అనలే. ఊకో" అన్నాను.

అది అక్కడితో అయింది కాని, అసలుది ఇంకా మిగిలింది. మేస్త్రి, "బద్ద ఉన్నది గద, దీనితోనే ముగ్గు పోద్దాం" అన్నాడు. మా మరిది ఒప్పుకోలేదు. బద్ద యజమాని కాదు, మనిషి అడుగు పడాలి అన్నాడు. వాడు అన్నది మా పద్ధతి ప్రకారం నిజమే. నేనూ అదే అనుకున్నాను.

"పడాలె. నా అడుగు పడుతది" అన్నాను.

బయట నిలబడ్డ వాళ్ళలో గుసగుస లేచింది. మొగుడు లేనిదాని కాలుతో ముగ్గా అని ఎవరో అన్నారు. నాకు వినబడాలనే అన్నారు. మా మరిది ఇబ్బందిపడి, "వదినె, నాకేం లేదు. లోకం ఏమంటదో..." అన్నాడు.

"లోకం కాలు ఎంతనో కొలిసి రా. గంత పెద్దదుంటే దానితోనే ఏద్దాం."

మేస్త్రి కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముందు పాత అర్రలో నడిచాను. అందరూ చూస్తుండగా, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకుని, గోడకు మడమ ఆనించి. మేస్త్రి గట్టిగా లెక్కపెట్టాడు. మధ్యలో ఊగాను, మా ఆయన ఊగినట్టే. ఇప్పుడెవరూ తాగిందా అనలేదు. ఆయన మూడు వేసిన చోట నేను నాలుగు వేసుకుంటూ పోయాను. బిడ్డ గోడ దగ్గర రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. దాని లెక్క తప్పితే ఇంతమందిలో నేను చిన్నబోతానని దాని భయం. నాకు భయం లేదు. ఆ గోడ ఎక్కడుందో నా కాళ్ళకు తెలుసు.

"పదహారు!" అన్నాడు మేస్త్రి. నా బొటనవేలు ఎదురుగోడకు తగిలింది.

అప్పుడు వెనక నేల మీదికి పోయాను. ఇంకా ఎండ ఎక్కలేదు, మట్టి చల్లగా ఉంది. పాత గోడ మందం వదిలి, మూల దగ్గర మడమ పెట్టి మొదలుపెట్టాను. నా పక్కనే ఎవరో సుతిలి కొస పట్టుకుని నాతో పాటు నడుస్తున్నారు. బిడ్డ అనుకున్నాను. తల తిప్పితే మా మరిది. "నువ్వు నడువు వదినె, కింద సూసుకుంట నడువు" అన్నాడు. పదహారు పడ్డాయి. వాడు మేకు కొట్టి తాడు కట్టాడు. వెనక అర్ర గీత ముందు అర్ర గోడకు గోరంత తేడా లేకుండా కలిసింది. మా ఆయన "ఎనుక గూడ గింతే" అన్నది ఆ పొద్దున జరిగింది.

అర్ర పొడుగు తేలింది, లోతు మిగిలింది. మేస్త్రి సున్నం పోస్తూ తలెత్తి, "లోపలికి ఎంత అక్కా?" అని అడిగాడు. మా మరిదిని కాదు, నన్ను. అందరూ విన్నారు.

దాని గురించి నేను ఆలోచించి పెట్టుకోలేదు. ఉన్న జాగ చూశాను. బిడ్డకు మంచం ఒక వైపు, బల్ల ఒక వైపు, మధ్యలో నడవడానికి దారి.

"పన్నెండు" అన్నాను.

"పన్నెండు జాగ లేదక్కా, దడి అడ్డమొస్తది."

"నావి" అన్నాను.

వాడు దడి వైపు చూసి, "వస్తది" అన్నాడు. ఆ పన్నెండు కూడా నడిచాను. ఆయనవి తొమ్మిది అవుతాయని బిడ్డ వెనక నుంచి చెప్పింది. అవనీ అన్నాను.

ఇప్పుడు ఆ అర్రకు స్లాబు పడింది, కిటికీ పెట్టాం. బల్ల మీద దాని పుస్తకాలు, వాటికి కొత్త సున్నం వాసన. బిడ్డ క్లాసులో మాట్లాడిన రోజు ఆ వెదురు బద్ద సంచిలో పెట్టుకుని పోయింది. రోము అడుగు గురించి చెప్పి, ముప్పావు అడుగు దగ్గరికి వచ్చేసరికి, దీనికి మా ఇంట్లో ఒక సరి కొలత నడుస్తూ ఉంది అన్నదట. అందరూ చప్పట్లు కొట్టారట. ఇది రాయనంటోంది. రాసింది చూడండి.

మా మరిది వచ్చిన చుట్టాలకు ఆ అర్ర తనే చూపిస్తాడు. "మా వదినె అడుగుతోని పడ్డది" అంటాడు. వాళ్ళు ఎన్నడుగులు అని నన్ను అడుగుతారు. ఇదివరకు లాగా వెంటనే చెప్పను.

"ఎవరి అడుగులు గావాలె? ఆయనవా, నావా?" అని అడుగుతాను.